కొండెక్కుతున్న కప్పలు, కదలని గీతలు

2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడు జిల్లాలో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల గ్రామాలు మట్టిలో కలిసిపోయాయి. రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ మరునాటి తేదీతో, అంటే జూలై 31న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక ముసాయిదా ప్రకటనను సిద్ధం చేసింది. గుజరాత్, మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, తమిళనాడు, కేరళ రాష్ట్రాల్లో విస్తరించిన పశ్చిమ కనుమల్లో 56,825.7 చదరపు కిలోమీటర్ల మేరకు పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించాలన్నది దాని సారాంశం. ఇది ఆ విషయంపై వెలువడిన ఆరవ ముసాయిదా. మొదటిది 2014 మార్చి 10న వచ్చింది. పదేళ్లలో ఆరుసార్లు అదే ముసాయిదా, ఇంచుమించు అదే విస్తీర్ణం, అవే అభ్యంతరాలు.

ఫైలు కదలకపోవడం రాజధానిలో కొత్త సంగతి కాదు. అయితే ఏ కొండలను గురించి ఆ ఫైలు నడుస్తున్నదో ఆ కొండల్లో జీవకోటి మాత్రం నిలిచి ఉండలేదు. వేడిమి పెరిగినకొద్దీ, వానల తీరు మారినకొద్దీ, జంతువులూ మొక్కలూ తమకు అలవాటైన చలిని, తేమను వెదుక్కుంటూ స్థానాలు మార్చుకుంటాయి. పక్షికి రెక్కలున్నవి. ఏనుగుకు కాళ్లున్నవి. ఈ ప్రయాణంలో అందరికంటె వెనుకబడేది, అందరికంటె ముందు నష్టపోయేది కప్ప.

దేశానికి ఇన్ని సమస్యలుండగా కప్పల గొడవ ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కాని కప్పను గురించి ఢిల్లీ ఆలోచించడం ఇది మొదటిసారి కాదు. 1980 దశకం తొలి సంవత్సరాల్లో మనదేశం ఏటా వేల టన్నుల కప్పకాళ్లను విదేశాలకు ఎగుమతి చేసింది. పొలాల్లో పురుగులను తిని బతికే జీవిని అమ్ముకొని, ఆ పురుగులను చంపే మందులను కొనుక్కోవడం ఏమి లాభమన్న ప్రశ్న బయలుదేరింది. విదేశమారక ద్రవ్యానికి కటకటగా ఉన్న ఆ రోజుల్లోనే, 1987లో, కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. అది కప్ప మీది జాలితో చేసిన పని కాదు. రైతు లెక్క, ఖజానా లెక్క రెండూ చూసి చేసిన పని. ఆనాటి శత్రువు కంటికి కనిపించేది: చేతిలో గోనెసంచి, కత్తి ఉన్న మనిషి. ఒక ఉత్తర్వుతో అతన్ని ఆపడం సాధ్యమైంది. ఈనాటి శత్రువును ఆపే ఉత్తర్వు ఏ ఒక్క మంత్రిత్వశాఖ చేతిలోనూ లేదు. చిక్కు ఇక్కడే ఉన్నది.

ఎందుకు కప్పే?

కప్ప చర్మం దానికి ఊపిరి కూడా. తేమగా ఉన్నంతకాలమే ఆ చర్మం పనిచేస్తుంది. దాని గుడ్డుకు పెంకు లేదు. కొన్ని గంటల ఎండ చాలు, తరమంతా ఎండిపోవడానికి. కనుక కప్పకు వేడి ఒక్కటే కాదు, వేడితోపాటు తేమ ఎంత, వాన ఎప్పుడు, పొగమంచు ఎంతసేపు అన్నవన్నీ జీవన్మరణ సమస్యలే. కరవు వచ్చినప్పుడు కప్పతల్లిని ఊరేగించి నీళ్లు పోసే మన పల్లెల ఆచారం ఈ సంబంధాన్ని ఏనాడో గుర్తించింది.

2023 అక్టోబరులో 'నేచర్' పత్రికలో ప్రపంచ ఉభయచరాల స్థితిగతులపై ఒక బృహత్తర సమీక్ష వెలువడింది. శాస్త్రజ్ఞులు 8,011 జాతులను పరిశీలించి, అందులో 40.7 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు తేల్చారు. వెన్నెముక గల జీవుల్లో ఇంతటి ప్రమాదంలో ఉన్న వర్గం మరొకటి లేదు. అంతకంటె ముఖ్యమైన విషయం ఒకటున్నది. 1980 నుంచి 2004 వరకు జాతుల స్థితి దిగజారడానికి చర్మాన్ని పట్టే శిలీంధ్ర వ్యాధి, అడవుల నాశనం ప్రధాన కారణాలుగా ఉండేవి. 2004 నుంచి 2022 వరకు దిగజారిన జాతుల్లో 39 శాతానికి ప్రధాన కారణం వాతావరణ మార్పేనని ఆ సమీక్ష చెప్పింది. అంటే రెండు దశాబ్దాల్లో ముద్దాయి మారాడు.

కప్పలు నిజంగా పైకి పోతున్నాయా అన్న ప్రశ్నకు సమాధానం మడగాస్కర్ ద్వీపంలో దొరికింది. అక్కడి ఉత్తర ప్రాంతంలోని సారతనాన పర్వతంపై 1993లో ఒకసారి, 2003లో మరొకసారి అదే మార్గాన ఎక్కి లెక్క తీశారు. కప్పలు, బల్లులు మొదలైన 30 జాతుల సగటు స్థానం ఆ పదేళ్లలో 19 నుంచి 51 మీటర్ల మేరకు పైకి జరిగిందని 2008లో ప్రకటించారు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో మరో విచిత్రం జరిగింది. ఆండీస్ పర్వతాల్లో మంచు కరిగి కొత్తగా ఏర్పడిన మడుగుల్లోకి మూడు రకాల కప్పలు చేరాయి. సముద్రమట్టానికి 5,400 మీటర్ల ఎత్తున కప్ప కనిపించినట్టు 2007లో వెలువడిన పరిశోధన పేర్కొన్నది. వాటి వెంట ఆ ప్రాణాంతక శిలీంధ్రం కూడా అంత ఎత్తుకు చేరుకున్నది. వలస పోయినవాడి వెంట జబ్బు కూడా వలస పోయిందన్నమాట.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఎక్కడ కప్ప కనుమరుగైనా నేరం వాతావరణానిదే అనడం శాస్త్రం కాదు. మధ్య అమెరికాలోని కోస్టారికాలో మాంటెవెర్డె కొండల బంగారు కప్ప 1989 తర్వాత ఎవరికీ కనిపించలేదు. వేడిమి వల్ల మేఘాలు పైకి పోయినందున అది నశించిందని కొందరు, శిలీంధ్రమే చంపిందని మరికొందరు, ఆనాటి ఎల్‌నినో కరవే కారణమని ఇంకొందరు వాదించారు. ఈ వాదం పూర్తిగా తెగలేదు. ఒక్కో కారణం విడిగా వచ్చి చంపడం అరుదు. అవి కలిసి వస్తాయి. ఆ మాట మన కొండలకు కూడా వర్తిస్తుంది.

శిఖరం మీద ఇక దారి లేదు

మనదేశంలో 400కు పైగా ఉభయచర జాతులున్నవి. వాటిలో అత్యధికం పశ్చిమ కనుమల్లో ఉన్నవి. అందులోనూ పెక్కు జాతులు ప్రపంచంలో మరెక్కడా లేనివి. ఒక్కొక్క కొండకొమ్ము ఒక్కొక్క ద్వీపం వంటిది. చుట్టూ సముద్రానికి బదులు వెచ్చని పల్లపు నేల ఉంటుంది. అంతే భేదం.

కేరళలోని ఇడుక్కి జిల్లాలో ఆనముడి శిఖరం ఉన్నది. ఎత్తు 2,695 మీటర్లు. హిమాలయాలకు దక్షిణాన భారతదేశంలో ఇంతకు మించిన ఎత్తు లేదు. ఆ శిఖర ప్రాంతపు గడ్డిదుబ్బుల్లో ఎర్రని ఒక చిన్న కప్ప ఉంటుంది. ఎస్. డి. బిజు, ఆయన సహచరులు 2010లో దానిని లోకానికి పరిచయం చేసి, రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. ఆ పేరులోని 'రావు' బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో ఆచార్యుడుగా పనిచేసి, మన కప్పల శాస్త్రానికి పునాది వేసిన సి. ఆర్. నారాయణరావు స్మృతికి చిహ్నం. ఆ కప్పకు తెలిసిన నివాసం మూడు చదరపు కిలోమీటర్లలోపే. అది నీటిలో గుడ్లు పెట్టదు. తోకకప్ప దశ దానికి లేదు. గడ్డి మొదళ్లలో పెట్టిన గుడ్డులోంచి నేరుగా కప్పపిల్ల బయటికి వస్తుంది. నీటిపై ఆధారపడని ఈ పద్ధతి గాలిలోని తేమపై మాత్రం పూర్తిగా ఆధారపడింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడవచ్చు. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగితే పాత చలిని అందుకోవడానికి జీవి 160 మీటర్లకు పైగా పైకి పోవాలి. 1901 నుంచి 2018 వరకు మనదేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రచురించిన నివేదిక చెప్పింది. ఆ లెక్కన ఇప్పటికే వంద మీటర్లకు పైగా పైకి జరగవలసిన అవసరం ఏర్పడింది. కొండ నడుమ ఉన్న కప్పకు ఆ వంద మీటర్లు కష్టం కావచ్చు, కాని ఉన్నవి. శిఖరం మీది కప్పకు వంద మీటర్ల పైన ఆకాశమే ఉన్నది. దీపం ఆరిపోయిందనడం అశుభమని మన పెద్దలు కొండెక్కిందంటారు. కప్పల విషయంలో ఆ పలుకుబడికి రెండర్థాలూ సరిపోతున్నాయి.

వానల సంగతి కూడా అదే నివేదికలో ఉన్నది. 1951 నుంచి 2015 వరకు దేశంలో నైరుతి ఋతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. ఆ తగ్గుదల గంగా మైదానంలోనూ పశ్చిమ కనుమల్లోనూ ప్రస్ఫుటంగా కనిపించింది. పశ్చిమ కనుమల ఊదా కప్ప సంవత్సరంలో అత్యధిక భాగం భూగర్భంలో గడిపి, తొలకరికి ముందు వచ్చే వానలకు కొద్దిరోజులు మాత్రమే పైకి వచ్చి గుడ్లు పెడుతుంది. 2003లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ జీవికి దగ్గరి బంధువులు హిందూమహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఉన్నవి. కోట్ల సంవత్సరాల క్రితం భూఖండాలు విడిపోయినా చావని వంశం అది. కాని వాన కబురు ముందో వెనుకో తప్పుగా వస్తే దాని సంవత్సరమంతా వృథా.

పైకి దారి లేకపోతే ఉత్తరానికి పోరాదా అని అడగవచ్చు. ఆనమలై కొండలకు ఉత్తరాన పాల్ఘాట్ కనుమ ఉన్నది. ముప్ఫై కిలోమీటర్ల వెడల్పున పల్లపు, పొడి నేల. రైలుమార్గమూ రహదారీ దాని గుండానే పోతాయి. మనుషులకు అది ద్వారం. చలికొండల కప్పకు అది ప్రాకారం.

మరొకవంక, ఎక్కడైనా బతకగల మొండి జాతులు తమ పరిధిని పెంచుకుంటున్నవి. మన వరిపొలాల్లోని పెద్ద కప్ప ప్రధాన భూభాగం నుంచి అండమాన్ దీవులకు, బహుశా చేపపిల్లల రవాణాతో, చేరి అక్కడ వేగంగా వ్యాపించింది. దాని తోకకప్పలు స్థానిక జాతుల తోకకప్పలను తినేస్తున్నాయి. సున్నితమైనవి కుంచించుకుపోవడం, మొండివి విస్తరించడం. చివరకు అన్నిచోట్లా ఒకే రకం కప్ప మిగిలే రోజు వస్తే దానిని జీవవైవిధ్యం అనలేము.

ఇడుక్కి నేర్పిన పాఠం

ఆనముడి కప్పకు చట్టరక్షణ లేదనడానికి వీల్లేదు. ఆ శిఖరం ఎరవికుళం జాతీయ వనంలో ఉన్నది. అయితే ఆ వనాన్ని 1975లో అభయారణ్యంగాను, 1978లో జాతీయ వనంగాను ప్రకటించింది వరయాడు అనే కొండమేక కోసం. దాని నీడన కప్ప కూడా బతికింది. చుట్టూ మున్నారు తేయాకు తోటలు. 97 చదరపు కిలోమీటర్ల వనానికి గీసిన గీత ఆనాటి అడవిని, ఆనాటి చలిని లెక్కవేసి గీసినది. చలి ఆ గీతను లెక్కచేయదు. మన రక్షణ చట్టాలన్నిటికీ ఆధారం ఒకటే: జీవి ఎక్కడ ఉన్నదో అక్కడ గీత గీయడం. జీవి రేపు ఎక్కడికి పోవలసి ఉంటుందో అక్కడ స్థలం ఉంచడమన్న భావన వాటిలో బలహీనం.

ఈ కొరతను తీర్చే అవకాశం ఒకసారి వచ్చింది. మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన 2010లో ఏర్పడిన నిపుణుల సంఘం 2011లో ఇచ్చిన నివేదిక పశ్చిమ కనుమల మొత్తాన్ని మూడు తరగతుల సున్నిత మండలాలుగా విభజించి, ఎక్కడ ఏమి చేయవచ్చో గ్రామసభలు నిర్ణయించాలని సూచించింది. కనుమలను ముక్కలుగా కాక ఒకే జీవవ్యవస్థగా చూసిన నివేదిక అది. ఆ నివేదికను ప్రభుత్వం ఆమోదించలేదు. కస్తూరిరంగన్ నాయకత్వాన మరో బృందం 2013లో కనుమల్లో సుమారు 37 శాతాన్ని మాత్రమే సున్నిత ప్రాంతంగా గుర్తించింది. జనావాసాలను, తోటలను విడిచిపెట్టి, మిగిలిన సహజారణ్యాలకు హద్దు కట్టింది.

అదీ నిలవలేదు. 2013 నవంబరులో కేరళ కొండ జిల్లాల్లో హర్తాళ్లు జరిగాయి. ఇడుక్కిలో రైతులు, చర్చి పెద్దలు, రాజకీయ పక్షాలు ఒక్కటైనవి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమ సమితి నిలబెట్టి, వామపక్ష కూటమి బలపరచిన స్వతంత్ర అభ్యర్థి జాయిస్ జార్జ్ గెలుపొందారు. కేరళ విజ్ఞప్తి మేరకు ఆ రాష్ట్రంలోని సున్నిత ప్రాంతాన్ని 13,108 చదరపు కిలోమీటర్ల నుంచి 9,993.7కు తగ్గించారు. 20,668 చదరపు కిలోమీటర్లతో అన్నిటికంటె పెద్ద వాటా గల కర్ణాటక కూడా తొలి నుంచి వ్యతిరేకిస్తూనే వచ్చింది. ఆరవ ముసాయిదా వచ్చాక 2024 సెప్టెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం కస్తూరిరంగన్ నివేదికను తిరస్కరించింది.

ఇందులో తప్పు రైతులదే అనడం సులభం, అన్యాయం కూడా. ఇడుక్కి రైతు భయానికి కారణాలున్నవి. పట్టాలు సరిగా లేని భూములు, అటవీశాఖతో పాత తగాదాలు, ఒక్క ప్రకటనతో ఇల్లు కట్టుకొనడానికీ అనుమతి అడగవలసి వస్తుందన్న ఆందోళన. గాడ్గిల్ నివేదిక మలయాళంలో గ్రామాలకు చేరకముందే దానిమీద వదంతులు చేరాయి. ఆ వదంతులతో లాభపడినవారు కొండలు తొలిచే క్వారీ యజమానులు. వారికి రక్షణ కవచమైనవారు చిన్న రైతులు. తిరిగి కొండచరియ విరిగిపడినప్పుడు చనిపోయేది క్వారీ యజమాని కాదు, ఆ రైతూ, తోటకూలీ. కప్పకు కావలసిన తేమ అడవి, రైతుకు కావలసిన నిలకడగల కొండవాలు రెండూ ఒకటే అన్న నిజాన్ని చెప్పగల రాజకీయ పక్షం ఆ రోజు ఒక్కటీ లేకపోయింది.

2.25 హెక్టార్ల చూపు

అడవుల సంగతి అటుంచి నీటి సంగతి చూద్దాం. అంతరిక్ష పరిశోధన సంస్థ చిత్రాల ఆధారంగా 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. మంచి ఆదేశమే. కాని అదే ఏట వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు వరిపొలాలను, నదీగర్భాలను, సాగునీటికి తాగునీటికి మనిషి తవ్విన చెరువులను నిర్వచనం నుంచి మినహాయించాయి. కప్పకు కావలసిన నీరు సాధారణంగా 2.25 హెక్టార్లు ఉండదు. బండ మీద నిలిచిన నీరు, వాగు పక్కన గుంట, పొలం గట్టున మడుగు, ఆకు మీద తడి. ఉపగ్రహం కంటికి ఆనని ఈ నీళ్లు చట్టం కంటికి కూడా ఆనలేదు. వేడిమికి తట్టుకోలేక చోటు మార్చే జీవికి దారిలో విడిదులు ఇవే.

చట్టానికి ఉన్న రెండవ లోపం మన అజ్ఞానంతో ముడిపడినది. పశ్చిమ కనుమల కప్ప జాతుల్లో పెద్ద భాగం 2000 తర్వాత పేరు పెట్టినవే. 2011లో ఒకేసారి 12 కొత్త రాత్రి కప్పలు, 2014లో ఒకేసారి 14 కొత్త నాట్యపు కప్పలు ప్రకటితమైనవి. నిన్న పేరు పెట్టిన జీవి ఏభై ఏళ్ల కిందట ఏ ఎత్తున ఉండేదో చెప్పే చిట్టా ఎక్కడుంటుంది? మడగాస్కర్‌లో చేసినట్టు అదే కొండను పదేళ్లకొకసారి ఎక్కి కొలిచే పని మనదేశంలో బహు తక్కువ. మన తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ. శ్రీలంకకే పరిమితమనుకొన్న ఒక పొదకప్ప జాతి తిరుపతి శేషాచలం అడవుల్లో ఉన్నదని జూలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దానిని చూసి కప్ప సముద్రం దాటి వచ్చిందనుకోరాదు. సముద్రమట్టం తక్కువగా ఉన్న పూర్వయుగాల్లో ఉభయదేశాల మధ్య నేలదారి ఉండేది. ఆ కప్ప అక్కడే ఉన్నది, మనం చూడలేదు. కొత్తగా కనిపించడం వేరు, కొత్తగా రావడం వేరు. ఈ రెంటికీ భేదం చెప్పగల లెక్కలు లేనప్పుడు విధానం చీకట్లో బాణమే అవుతుంది.

సరిహద్దుల ఆవలికి

హిమాలయాల్లో ఈ ప్రశ్న విదేశాంగ విషయం కూడా అవుతుంది. డార్జిలింగ్ కొండల్లో హిమాలయ సాలమాండర్ అనే తోకగల ఉభయచరం ఉన్నది. తూర్పు నేపాల్‌లోనూ ఉన్నది. దానికోసం జోర్‌పోఖ్రి వద్ద ఒక మడుగును, దాని పరిసరాలను అభయారణ్యంగా ఉంచారు. దేశంలోని అతి చిన్న అభయారణ్యాల్లో అదొకటి. ఆ ఎత్తున చలి చాలకపోతే సాలమాండర్ పోవలసిన పైకొండలు సింగలీలా శ్రేణివి. ఆ శ్రేణి శిరస్సు వెంటనే భారత నేపాల్ సరిహద్దు నడుస్తుంది. ఒక దేశం దిగువ మడుగును కాపాడి, రెండవ దేశం ఎగువ వాలును కాపాడకపోతే రెండూ వ్యర్థం.

ఇందుకు తగిన వేదిక లేకపోలేదు. 2010 ఏప్రిల్‌లో థింపూలో జరిగిన సార్క్ శిఖరాగ్ర సమావేశానికి వాతావరణ మార్పే ముఖ్యాంశం. పర్యావరణ సహకార ఒడంబడికపై అన్ని దేశాలూ అక్కడే సంతకాలు చేశాయి. 2014లో ఖాట్మండూ సమావేశం తర్వాత మరో శిఖరాగ్ర సమావేశం జరగలేదు. ఒడంబడిక కాగితాల్లో ఉన్నది. శ్రీలంక అనుభవం మనకు హెచ్చరిక కావాలి. ప్రపంచంలో అంతరించినట్టు నమోదైన ఉభయచర జాతుల్లో పెద్ద వంతు ఆ చిన్న ద్వీపానిదే. కాఫీ, తేయాకు తోటల కోసం కొండల అడవులను నరికిన వలస పాలన వారసత్వమది. అడవి పోయిన కొండపై మిగిలిన కప్పలకు ఇప్పుడు వేడి పరీక్ష పెడుతున్నది.

సహకారం అటుంచి, మన చట్టం కూడా సరిహద్దుల వద్ద పట్టు సడలించింది. 2023 అటవీ సంరక్షణ సవరణ చట్టం అంతర్జాతీయ సరిహద్దుకు 100 కిలోమీటర్లలోపు జాతీయ ప్రాముఖ్యం గల రహదారుల వంటి నిర్మాణాలకు అటవీ అనుమతిని మినహాయించింది. ఆ వంద కిలోమీటర్లలో సిక్కిం మొత్తం, ఈశాన్య రాష్ట్రాల్లో అత్యధిక భాగం పడతాయి. దేశరక్షణ అవసరాన్ని కాదనేవారెవరూ లేరు. కాని కొండవాలుకు అడ్డంగా తవ్విన రోడ్డు పైకి పోయే జీవికి గోడ అవుతుందని, ఆ రోడ్డే విరిగిపడితే సైన్యం లారీకి కూడా దారి ఉండదని గుర్తుచేయవలసి ఉన్నది.

ఏమి చేయవచ్చు?

ఢిల్లీ అధికార వర్గాల సమాధానం తెలిసిందే. వాతావరణాన్ని పాడుచేసింది ధనిక దేశాలు. మన తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటు కంటె తక్కువ. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చాము. ఈ వాదనలో న్యాయం ఉన్నది. ఆనముడి కప్పను వేధిస్తున్న వేడిలో అమెరికా, ఐరోపా చిమ్నీల వాటా మన వాటాకంటె ఎక్కువ. శిఖరానికి చేరిన జీవిని కాపాడే మార్గం ప్రపంచం తన పొగను తగ్గించుకోవడమే తప్ప మరొకటి లేదన్నదీ నిజమే. కాని ఇది శిఖరం మీది జాతుల మాట. కొండ నడుమ ఉన్న వందలాది జాతుల మాట వేరు. వాటికి పైకి పోవడానికి కొండ ఇంకా మిగిలి ఉన్నది. ఆ కొండపై క్వారీకి, రిసార్టుకు అనుమతి ఇచ్చేది వాషింగ్టన్ కాదు, బ్రస్సెల్స్ కాదు. తిరువనంతపురం, బెంగుళూరు, ముంబయి, ఢిల్లీ.

సుప్రీంకోర్టు 2024 మార్చి 21న బట్టమేకపిట్ట కేసులో తీర్పునిస్తూ, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అన్నది. ఆ హక్కుకు అర్థం ఉండాలంటే కొన్ని పనులు వెంటనే ప్రారంభం కావాలి. సున్నిత ప్రాంతాల గీతలను అడ్డంగా కాక నిలువుగా, అంటే కొండపాదం నుంచి శిఖరం వరకు తెగని అడవిపట్టీలుగా గీయాలి. తేయాకు, కాఫీ తోటల మధ్య వాగుల వెంట మిగిలిన చెట్లను ఈ పట్టీల్లో చేర్చి, అందుకు ఒప్పుకొన్న రైతుకు ప్రతిఫలం చెల్లించాలి. చిన్న నీటిమడుగుల పట్టికను గ్రామ పంచాయతీల చేత తయారుచేయించాలి. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలోనూ ఉండవలసిన ప్రజా జీవవైవిధ్య చిట్టా దీనికి చాలు. జూలాజికల్ సర్వేకు, విశ్వవిద్యాలయాలకు అవే కొండలను అవే నెలల్లో పదేపదే కొలిచే నిధులివ్వాలి. పులికి 1973 నుంచి, ఏనుగుకు 1992 నుంచి పథకాలున్న దేశంలో కప్పకు పెద్ద పథకం అవసరం లేదు. పెద్ద బొమ్మ కూడా అవసరం లేదు. లెక్క రాసే మనిషి, తడి ఉన్న వాలు ఉంటే చాలు.

నూతిలోని కప్ప అని లోకజ్ఞానం లేనివాణ్ని ఎగతాళి చేయడం మన వాడుక. ఈ వ్యవహారంలో కప్పకు ఆ నింద తగదు. తన నేల వేడెక్కిందని గ్రహించి, బలహీనమైన కాళ్లతోనైనా అది బయలుదేరింది. పదేళ్లుగా ఆరు ముసాయిదాల చుట్టూ తిరుగుతున్నవారు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. ఏడవ ముసాయిదా ఎప్పుడన్న ప్రశ్నకంటె, తుది ప్రకటన ఏ జాతులు మిగిలి ఉండగా వెలువడుతుందన్న ప్రశ్న ముఖ్యం. దానికి సమాధానం చెప్పవలసింది కేంద్ర మంత్రి ఒక్కరే కాదు. ఆరు రాష్ట్రాల ముఖ్యమంత్రులు, కొండ నియోజకవర్గాల్లో ఓట్లడిగే ప్రతి పక్షమూ చెప్పవలసి ఉన్నది.